విమానం పోయేదాకా

తుక్కుగూడ దాటాక పొలాల మధ్య ఉన్న మా కాలేజీకి పెద్ద పేరు లేకపోయినా చప్పుడుకు మాత్రం కొదవ లేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు విమానాలు సరిగ్గా మా ఎలక్ట్రానిక్స్ క్లాసు మీదుగానే పోయేవి. కిటికీ రెక్కలు వణికేవి. లక్ష్మణ్ సార్ చాక్‌పీసు పైకెత్తి, "ఆగుండ్రి, పోనియ్యుండ్రి" అని మాట మధ్యలోనే నిలిచిపోయేవారు. చప్పుడు సన్నగిల్లాక, జవాబు చెప్తున్నవాళ్లతో "ఇగ చెప్పు" అనేవారు. ఆపిన అక్షరం దగ్గర్నుంచే మళ్లీ అందుకోవాలి. నాలుగేళ్లలో అది మా ఒంటికి పట్టేసింది. క్యాంటీన్లో తగాదాలు కూడా మధ్యలో ఆగి, మళ్లీ మొదలయ్యేవి.

ఆ కాసేపూ ఎవరి కలలు వాళ్లవి. మంఖాల్ వైపు పొలాల మీద విమానం నీడ జారిపోతుంటే, నేనొక తెల్లటి గదిలో కూర్చుని సర్క్యూట్లు గీస్తున్నట్టు ఊహించుకునేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో! కంపెనీలు మాత్రం మా గేటు దాకా వచ్చేవి కావు. మేమే వాటి గేట్ల ముందు నిలబడేవాళ్లం.

2014 వేసవిలో గచ్చిబౌలిలోని ఒక కంపెనీ నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. "ఇది గూడ పోతే ఇగ షాద్‌నగర్ల మీ మామూ బడిల టీచర్‌గ చేరు, జవేరియా. నన్ను పరేషాన్ చెయ్యకు" అని మా అబ్బా విలాయత్ అలీ ముందే చెప్పేశారు. బడి మీద నాకేం కోపం లేదు. కానీ నా తెల్లగది అక్కడ లేదు.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇద్దరు. టై కట్టుకున్న పెద్దాయన మా కాలేజీ పేరు చూసి పెదవి విరిచాడు. నాకు ఒళ్లు మండింది. పక్కనున్న అనుపమ అనే ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టి రెండోసారి చదివింది.

"మైకు దగ్గర స్పీకరు పెడితే కూత ఎందుకొస్తుందండీ?" అని పెద్దాయన అడిగాడు.

నాకిది కొట్టిన పిండి. "స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి, పెరి..."

ఎక్కడో, ఏసీ చప్పుడుకు అవతల, సన్నగా విమానం. నా నోరు దానంతటదే మూతపడింది.

"తెలియకపోతే తెలియదని చెప్పండి, ఫరవాలేదు" అన్నాడాయన. ఇక్కడ ఎవరూ ఆగరు కదా అని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. మాట్లాడదామన్నా ఆ చప్పుడు పోనిదే నోరు తెరుచుకోవడం లేదు. అయిపోయింది, ఇక షాద్‌నగరే అనుకున్నాను.

అనుపమ వైపు చూశాను. ఆవిడ చేతిలో పెన్ను చాక్‌పీసులా పైకి లేచి ఆగిపోయింది. కళ్లు పైకప్పు మీద ఉన్నాయి. పెద్దాయన ఇంకేదో అనబోతే ఆవిడ రెండో చెయ్యి అడ్డం పెట్టింది. ముగ్గురం అలాగే కూర్చున్నాం.

"పోయింది," అంది మెల్లగా. "ఇగ చెప్పు."

"...గి, మళ్లీ స్పీకర్లోకే వస్తుంది" అని అందుకున్నాను. పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ తరువాత అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పాను.

వచ్చేస్తుంటే ఆవిడ తలుపు దాకా వచ్చింది. "శంషాబాద్‌ల విమానాలు మొదలైన ఏడు నేను ఆ క్లాసులనే ఉన్న" అంది.

ఉద్యోగం వచ్చిందన్న కబురు అందేసరికి శంషాబాద్ బస్టాండులో ఉన్నాను. వెంటనే లక్ష్మణ్ సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, నాకు..."

అటువైపు హోరు. "ఆగు బిడ్డా, పోనియ్యి."

ఆగాను. చెవిలో ఆ హోరు వింటుంటే పొలాల మీది నీడ, నా తెల్లగది కళ్ల ముందుకొచ్చాయి. ఈసారి ఆ గది నిజంగానే నాది.

"పోయింది. ఇగ చెప్పు."

చెప్పలేకపోయాను. ఏడుపొచ్చేసింది.

అటునుంచి సార్, "నీ దిక్కు గూడ వచ్చిందా? పోనియ్యి బిడ్డా, నేనాగుత" అన్నారు.