క్రషర్ నడపండి చూద్దాం

ఆ పొద్దున ముగ్గురాళ్ళపాడులో చెట్లకు తలంట్లు పోశారు.

వెటకారం కాదు, నిజమే. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ నీళ్ళ ట్యాంకరు దాచేపల్లి రోడ్డు మలుపు నుంచి బడి దాకా నింపాదిగా నడుస్తుంటే, ఇద్దరు పనివాళ్ళు పైపు పట్టుకుని వేపచెట్టనీ కానుగచెట్టనీ లేకుండా ఆకు ఆకూ కడుగుతున్నారు. ఏళ్ళ తరబడి పట్టిన సున్నపురాతి దుమ్ము తెల్లగా కారి మురుక్కాలవలో కలుస్తోంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వేపాకు అంత పచ్చగా ఉంటుందని వాళ్ళకేం తెలుసు!

ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు వారానికోసారి వస్తుంది. ఆ వారం అదీ రాలేదు. బావుల్లో నీళ్ళను క్వారీ గొయ్యి ఎప్పుడో లాగేసింది. నీళ్ళ చప్పుడు విని సుబ్బరావమ్మ బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చి పైపు కింద పెట్టింది. కంపెనీ కాపలావాడు ఆ బిందెను కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"ఇవి చెట్లకమ్మా! మనుషులక్కాదు. పో అవతలికి!"

కల్లంలో ఎండబోసిన మిరపకాయలు నెరుపుతున్న మదార్‌బీ ఇదంతా చూసింది. థూ అని ఉమ్మింది. ఆ ఉమ్మి కూడా తెల్లగానే పడింది.

మదార్‌బీకి మొగుడు లేడు. ప్రభుత్వం పట్టా ఇచ్చిన ఎకరన్నర మిరపచేను ఉంది, సాదిక్ అనే కొడుకున్నాడు. వాడు ఆ ఫ్యాక్టరీలో రాయిని పిండికొట్టే క్రషర్‌లోనే కాంట్రాక్టు కూలీ. ఇప్పుడు కంపెనీ రెండో క్వారీ తవ్వుతానంటోంది. ఆమె చేనూ, ఊరందరూ కాయలు ఎండబోసుకునే ఈ కల్లమూ ఆ క్వారీకి గీసిన గీత లోపలికే వచ్చాయి. దానికి ఊరి అభిప్రాయం అడగడానికి ఇవాళ బళ్ళో సర్కారు సభ. ఊరు ఊఁ అంటే చేను పోయినట్టే. ఉహూఁ అంటే కొడుకు పని పోయినట్టే.

సర్పంచి అంకారావు మోటారు సైకిలు మీద దిగాడు. క్వారీలో తిరిగే లారీలన్నీ ఆయనవే.

"ఏమే మదార్‌బీ! కాయల మీద పరదాలు కప్పండి. ఆఫీసర్లొస్తన్నారు. ఈ బూడిద కాయలు వాళ్ళ కంటబడితే ఊరి పరువేం కావాలి?"

"ఊరి పరువా, మీ లారీల పరువా అంకారావుగారూ? గుంటూరు యార్డులో దలారీ ఈ కాయల్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. అప్పుడు రాలేదే మీకు పరువు?"

అంకారావు పక్కనే ఉన్న సాదిక్ వైపు తిరిగాడు. "మీ అమ్మకు చెప్పుకోరా. రేపట్నుంచి నీకు పనుండాలా, వద్దా?"

ఆయన వెళ్ళాక సాదిక్ తల దించుకునే అన్నాడు. "సభలో చెయ్యెత్తమ్మా. అందరితో పాటు నువ్వూ ఎత్తు. పోయే చేను ఎటూ పోద్ది. ఉన్న పని కూడా పోగొట్టుకుందామా?"

"నీ చెయ్యి నీదిరా. నా చెయ్యి నా చేనుది."

"చేను అన్నం పెడతందా? పోయినేడు ఏం మిగిలిందే?"

"దుమ్ము మిగిలింది! నువ్వు ఆడ రాయి పిండి కొట్టి, నా నోట్లో పోస్తన్నావు గదరా!"

వాడు చెప్పులేసుకుని చరచరా వెళ్ళిపోయాడు. కొడుకును అంతమాట అన్నానే అని మదార్‌బీ వాడు పోయిన దారికేసి చూసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సభకు ముందు ఆడవాళ్ళంతా కల్లంలోనే కూడారు. కూలీ సంఘం ప్రేమదాసు కూడా వచ్చాడు. ఏమడగాలన్న దగ్గర గొడవ మొదలైంది. ఉద్యోగాలడుగుదామని ఒకరు, నీళ్ళడుగుదామని ఒకరు, చేలకు మంచి రేటడుగుదామని ఒకరు. కేకలు మిన్నంటాయి.

"రేటు సంగతి ముందు తేల్చాల!" అన్నాడు ప్రేమదాసు.

"నువ్వూరుకో దాసూ!" అని మదార్‌బీ లేచింది. "మనం ఏదడిగినా వాళ్ళు సరేనంటారు. సరేననడానికి వాళ్ళదేం పోయింది? మొదటి క్వారీకి సరేనన్న ఆస్పత్రి ఏదయ్యా? నీళ్ళేవి?"

కేకలు సద్దుమణిగాక సుబ్బరావమ్మ చుట్టూ చూసి అంది: "అవునూ, ఇయ్యాల చప్పుడు లేదేంది? దుమ్మూ లేదేందే?"

అప్పుడు గమనించారందరూ. క్రషర్ ఆపేశారు. బ్లాస్టింగు ఆపేశారు. ఆఫీసర్లు పోయేదాకా ఊరికి ఊపిరి అప్పిచ్చారన్నమాట! ఛీ, ఎంత సిగ్గులేని బతుకులు! పైన పటారం, లోన లొటారం.

"అయితే ఏమీ అడగొద్దు," అంది మదార్‌బీ మెల్లగా. "నడపమందాం."

ప్రేమదాసు ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "మదారమ్మత్తా, రేటు సంగతి వదిలేస్తన్నా," అన్నాడు.

బళ్ళో షామియానా. వెనక పెద్ద బ్యానరు: సుస్థిర అభివృద్ధి, మనందరి భవిత. ముందు వరసల్లో వినుకొండ వైపు నుంచి లారీల్లో తెచ్చిన కూలి జనం. వాళ్ళకు ఊరి పేరు కూడా తెలియదు, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో మాత్రం చెప్పారు. పక్కన బిర్యానీ డేగిసాలు. వాటి దగ్గర కంపెనీ బ్యాడ్జీ పెట్టుకుని సాదిక్ నిలబడి ఉన్నాడు. మదార్‌బీ చూపు తిప్పుకుంది.

కంపెనీ మేనేజరు టై సర్దుకుని గంటసేపు దంచాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. గాలి శుభ్రమట, నీరు శుభ్రమట, గొయ్యి పూడ్చి తోట వేస్తారట. తర్వాత జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు అందుకున్నాడు. ఖనిజం జాతి సంపదనీ, పేద దేశం పైకి రావాలంటే భూమిలో ఉన్నది బయటికి తీయాలనీ, రేపటి తరాలకు మిగిల్చేలా తీస్తామనీ సెలవిచ్చాడు.

"రాయి జాతిది, దుమ్ము మాదీనా సార్?" అని ప్రేమదాసు అరిచాడు. ఇద్దరు పోలీసులు వాడి భుజాలు నొక్కి కూర్చోబెట్టారు.

మదార్‌బీ మైకు దగ్గరికి వెళ్ళింది.

"చెప్పమ్మా, నీ అభిప్రాయం," అన్నాడు ఆఫీసరు.

"క్రషర్ నడపండి సార్."

"ఏంటి?"

"అదిగో, గోడవతలే ఉంది. నడపమనండి. మీరా కుర్చీలోనే కూర్చోండి, మేం ఈడనే కూర్చుంటాం. ఆ బిర్యానీ మూత తీసి మీ బల్లమీద పెట్టించండి. గంటాగి మీరది తిని చెప్పండి. మీరేం చెబితే అదే మా అభిప్రాయం."

మేనేజరు గబగబా లేచాడు. "మెయింటెనెన్స్ జరుగుతోంది సార్. కుదరదు."

మదార్‌బీ పక్కకు తప్పుకుంది. సుబ్బరావమ్మ వచ్చింది. "క్రషర్ నడపండి సార్." ఆమె వెనక ఇంకొకామె. "క్రషర్ నడపండి." మైకు ముందు వరస పెరుగుతోంది. అదే మాట. కోపంగా ఒకరు, నవ్వుతూ ఒకరు, దగ్గుతూ ఒకరు. కల్లంలో కాయలేరిన చేతులన్నీ ఆ మైకును పట్టుకున్నాయి.

మేనేజరుకు చెమటలు పట్టాయి. "బుద్ధుందా మీకు? సార్ వాళ్ళిక్కడ ఉండగా ఎలా నడుపుతాం!" అని అరిచేశాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు! జనం షామియానా కూలిపోయేట్టు నవ్వారు. చప్పట్లకోసం తెచ్చిన వినుకొండ కూలీలు కూడా నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు, రోత ఉంది.

పెద్దాఫీసరు ముఖం తుడుచుకుని మైకు లాక్కున్నాడు. "ప్రాజెక్టుపై నిర్దిష్టమైన అభ్యంతరం ఎవరూ తెలపలేదు. సభ ముగిసింది."

ఇంత నంగనాచితనం ఎక్కడైనా ఉందా? ఆడవాళ్ళు లేచి జీపుల ముందు బైఠాయించారు. లాఠీలు లేచాయి. సుబ్బరావమ్మ చెయ్యి వాచిపోయింది. ప్రేమదాసును కాలర్ పట్టి ఈడ్చారు. మదార్‌బీని జుట్టు పట్టి లేపుతుంటే ఆమె కళ్ళు కొడుకు కోసం వెతికాయి. అంకారావు వాడి చెవిలో ఏదో చెప్పాడు. సాదిక్ తల ఊపి, వెనక్కి తిరిగి చూడకుండా క్రషర్ వైపు వెళ్ళిపోయాడు.

అది చూసి ఆమెకు లాఠీ దెబ్బ తెలియలేదు. పోలీసు వ్యాన్‌లో సుబ్బరావమ్మ పక్కన కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. "తిండి కోసం తల్లిని కూడా తొక్కిపోయాడు సుబ్బరావమ్మా," అంది.

వ్యాను క్రషర్ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. షిఫ్టు మారే వేళ. రోడ్డు నిండా కూలీలే. లోపలికి పోవాల్సినవాళ్ళు పోలేదు. లోపలున్నవాళ్ళు బయటికొచ్చేశారు. గేటు గొళ్ళేనికి వీపు ఆనించి సాదిక్ నిలబడ్డాడు. బ్యాడ్జీ లేదు.

వెనకాలే వచ్చిన కారులోంచి మేనేజరూ, అంకారావూ దిగారు. "ఒరేయ్ సాదిక్! నేను నీకు చెప్పిందేంది? పోయి స్టార్ట్ చేయించమంటే ఇదేం పనిరా?" అని అంకారావు మీదికొచ్చాడు.

సాదిక్ అందరికీ వినపడేట్టు చెప్పాడు. "ఇందాక మా అమ్మ నడపమంటే కుదరదన్నారు. ఇప్పుడు మాకూ కుదరదు. ఆ ఆఫీసర్లను వెనక్కి పిలవండి. వ్యానులో ఉన్నోళ్ళను దించండి. అందరి ముందూ అయితేనే నడుపుతాం."

"నీ పని పోద్దిరా!"

"నా ఒక్కడిదేనా?" అన్నాడు సాదిక్. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గేటుకు అడ్డంగా కూర్చున్నారు.

మదార్‌బీ వ్యాను జాలీ రెండు చేతులా పట్టుకుని లేచింది. "ఒరేయ్ సాదిక్! గేటు వదలమాకరా!"

డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఒక్కడూ కదల్లేదు.