ఐదో వంతు ఖాళీ

నేను ఒక ఉక్కు సిలిండర్‌ని. బూడిదరంగు ఒళ్లు, పసుపుపచ్చ భుజాలు. మా వాళ్లంతా కొత్త గ్యాసు నింపుకుని దర్జాగా బజారుకొస్తారు. నేను మాత్రం ఖాళీ కడుపుతో వచ్చాను. పాడైన శీతల యంత్రాల్లోంచి లాగిన పాత గ్యాసును గాలిలో కలవనీయకుండా దాచడమే నా ఉద్యోగం. నిండుగా ఉన్నవాటికే విలువ కట్టే మనుషులు, ఖాళీగా ఉన్నందుకు నన్ను కొనుక్కున్నారు.

రాజమండ్రిలో నన్ను మొదట కొన్న ఏసీల కాంట్రాక్టరు గ్యాసును గాలికే వదిలేసేవాడు. నన్ను కొట్టు తలుపుకు అడ్డం పెట్టేవాడు. అక్కణ్ణించి భీమవరం మెకానిక్ ఇశ్రాయేలు చేతికి వచ్చాను. మనిషి భారీ, నోరు ఇంకా భారీ. గ్యాసు దగ్గర మాత్రం అతని గొంతు తగ్గేది. కంటికి కనబడదు, గుప్పిట్లో ఇమడదు, గదిలోని వేడినంతా మోసుకెళ్లి బయట దింపి వస్తుంది. అలాంటిదాన్ని కడుపులో పెట్టుకున్న ప్రతిసారీ నాకూ ఒద్దిక వచ్చేది.

ఒక మే నెలలో భద్రిరాజు గారి రొయ్యల కోల్డ్‌రూములో కంప్రెసర్ మోటారు కాలిపోయింది. గదినిండా సరుకు. ఇశ్రాయేలు రాగానే తలుపులు బార్లా తెరిపించి ఫ్యాను పెట్టించాడు. ఈ గ్యాసు బరువు, లీకైతే నేలబారున పేరుకుని గాలిని తోసేస్తుంది, మనిషికి ఊపిరాడదని కూలీలకు చెప్పి, గది గాలి మారేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. తర్వాత కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, నన్ను కాటా మీద నిలబెట్టి గ్యాసు లాగడం మొదలుపెట్టాడు. మోటారు కాలడంతో అది మాడువాసన పట్టి పాడైపోయింది. శుద్ధి చేసే చోటికి పంపాల్సిందే.

నాలో ఐదింట నాలుగు వంతులు నిండగానే అతను గ్యాసు లాగే మిషన్ ఆపేశాడు. కోల్డ్‌రూము యంత్రంలో ఇంకా కాస్త గ్యాసు మిగిలింది. ఇంకో సిలిండర్ ఏలూరు నుంచి రావాలి.

భద్రిరాజు గారి ముఖం పాలిపోయింది. రొయ్యల మీది ఐసు కరిగి కాలవ కడుతోంది. ఆ సరుకు పోతే ఆయన మళ్లీ చెరువులో రొయ్యపిల్లను వెయ్యలేరు. మిగిలింది కాస్తే కదా, ఉన్న సిలిండర్‌లోనే కుక్కెయ్యమన్నారు. కుదరకపోతే గాలిలోకి వదిలెయ్యమన్నారు. ఏడాది పొడుగునా ఇశ్రాయేలుకు పని ఇచ్చేది ఆయనే. ఇశ్రాయేలు చెయ్యి నా వాల్వు మీదికి వచ్చింది.  దాన్ని ఇంకా గట్టిగా బిగించాడు.

“ఎండెక్కితే లోపల పెరుగుద్దండి రాజుగారూ. పెరగడానికి చోటు లేకపోతే పేలుద్ది. నేను నింపను. కావాలంటే ఇంకో మెకానిక్‌ని పిలిపించుకోండి.”

రాజుగారు ఇంకెవర్నీ పిలిపించలేదు. పంచె ఎగ్గట్టి, కూలీలతో కలిసి తనే ఐసు మోయడం మొదలుపెట్టారు. ఇశ్రాయేలు నన్ను షెడ్డు నీడలో నిలబెట్టి, కొత్త కంప్రెసర్‌ని సిద్ధం చేసే పనిలో పడ్డాడు.

ఆ తొందరలో రొయ్యల ట్రేలకు నీడ చాల్లేదు. ఎవరో నన్ను దొర్లించుకుపోయి సిమెంటు గచ్చు మీద ఎండలో వదిలేశారు. నాలో ఒత్తిడికి ద్రవంగా మారిన గ్యాసు ఉబ్బింది. మిగిలిన ఖాళీలోకి కొంచెం కొంచెంగా పాకింది. లోపలినుంచి ఒత్తిడి పెరిగేకొద్దీ నా అతుకులు బిగిశాయి. గదిని చల్లబరిచేదానికి ఇంత బలముందని నాకు అప్పటిదాకా తెలియదు. నన్ను చూసి నేనే భయపడ్డాను.

బయటికొచ్చిన ఇశ్రాయేలు నన్ను చూసి ఆగిపోయాడు. అరవలేదు. ఆడవాళ్లను, కూలీలను గోడ అవతలికి పంపాడు. ఐసు షెడ్డు గోడ చాటునుంచి గొట్టంతో నా మీద నీళ్లు కొట్టాడు. నా ఒంటి మీద మొదట పడ్డ నీళ్లు వేడెక్కి జారాయి.  నీళ్లు పడుతూనే ఉన్నాయి. లోపలి ద్రవం మెల్లగా కుదురుకుంది. ఐదో వంతు చోటు దానికి సరిపోయింది.

సాయంత్రానికి ఏలూరు సిలిండర్ వచ్చింది. మిగిలిన పాత గ్యాసు అందులోకి పోయింది. ఇశ్రాయేలు కొత్త కంప్రెసర్ బిగించి, పైపుల అతుకులకు సబ్బునురగ రాసి ఎక్కడా బుడగ లేదని చూసుకున్నాడు. లోపలి గాలినీ తేమనూ పంపుతో పూర్తిగా లాగించి, కొత్త గ్యాసును కాటా మీద తూచి ఎక్కించాడు. కాసేపటికి కోల్డ్‌రూము గుమ్మంలోంచి తెల్లటి మంచుపొగ పాదాల మీదుగా పాకింది. పొద్దుటినుంచీ ఐసు మోసిన ఆడవాళ్లు ఆ పొగలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డారు.

భద్రిరాజు గారు నా దగ్గరికొచ్చి, తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“పొద్దున నువ్వు నా మాట వినుంటే?” అన్నారు.

 ఇశ్రాయేలు తన అరచెయ్యి నా మీద ఆనించాడు.

“చల్లబడిందండి. ముట్టుకోండి,” అన్నాడు.

ఆయన ముట్టుకున్నారు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

ఏళ్లు గడిచాక ఉప్పుగాలికి నా ఉక్కు పలచబడింది. సిలిండర్లకు చేసే ఒత్తిడి పరీక్షలో తప్పాను. వాల్వు ఊడదీసి నన్ను తుక్కు కొట్టుకు చేర్చారు. ఇప్పుడు గాలి వీచినప్పుడల్లా నా మెడలోంచి సన్నటి హోరు పుడుతుంది. ఎవరూ బంధించని గాలి, తన ఇష్టానికి వచ్చిపోయే గాలి. ఆ చప్పుడు వింటూ కూర్చుంటాను.