చల్లారకముందు

కుక్క పెంట, అదీ పచ్చిది, బ్లేడు కింద పడి ఇంజను మీదికి చిమ్మింది, ఆ వేడికి అక్కడే ఉడుకుతోంది, ఛీ, పొద్దున తిన్న ఉగ్గాని గొంతులోకొస్తోంది, అక్కడ కొనకనమిట్ల పల్లెల్లో జనం బిందెలు పట్టుకొని ట్యాంకరు కోసం నిలబడుతుంటే ఇక్కడ కాలేజీ ముందర రెండెకరాల పచ్చగడ్డి, దాన్ని కోయడానికి ఎక్కి కూర్చుని నడిపే బండి, ఆ బండి ఇప్పుడు సగం గడ్డిలో ఆగి చచ్చింది, నీళ్లు తాగుదామని ఐదు నిమిషాలు ఆపాడంతే, దేవదానం తాళంచెవి మళ్లీ తిప్పాడు, సెల్ఫ్ గరగరమంటోంది, పట్టదు, మళ్లీ తిప్పాడు, పట్టదు, తొమ్మిదింటికి ఒక్క తిప్పుకే పట్టిన ఇంజను, జనరేటరూ బస్సులూ చూసుకునే మెకానిక్కు తను, గడ్డి బండి ఎక్కాల్సిన మనిషి కాదు, కానీ బండి నడిపే కాశయ్యను తీసేసి పన్నెండు రోజులైంది, రేపు తనిఖీ వాళ్లొస్తారట, మేనేజర్ నాగరాజు సార్ ఏసీ గదిలోంచి ఫోన్ చేసి, దేవదానం, నువ్వే ఎక్కి కానిచ్చెయ్ అన్నాడు, ఆ గొంతు గుర్తొస్తే ఈ పెంట వాసనే నయమనిపిస్తుంది.

దిగాడు, ట్యాంకు మూత తెరిచాడు, గాలి పట్టేసిందేమోనని, లేదు, పైపు ఊడదీశాడు, పెట్రోలు బాగానే కారుతోంది, చేతులకు పెట్రోలు, మెడ మీద గడ్డి రసం, దాని మీద చెమట, గోకితే గోళ్లలో పచ్చటి జిగురు, ప్లగ్గు ఊడదీయబోతే గుడ్డలోంచి కూడా వేలు చురుక్కుమంది, ప్లగ్గును ఇంజనుకు ఆనించి, పక్కన నిలబడి తాళం తిప్పాడు, నిప్పురవ్వ రావాలి, నీలంగా, టక్‌మని, రాలేదు, కొత్త ప్లగ్గు పెట్టాడు, రాలేదు, ఇంజను ఆపే తీగ తీసేసి చూశాడు, ఐనా రాలేదు, అంటే నిప్పురవ్వ పుట్టించే కాయిల్, వేడెక్కితే లోపలి తీగ విడిపోతుంది, చల్లబడితే మళ్లీ కలుసుకుంటుంది, ఇందులో తెలియనిదేముంది, పదిహేనేళ్లుగా ఇదే పని, ఎన్ని ఇంజన్లకు చూడలేదు, మరి దీనికెందుకు చూడలేదు.

ఆరుసార్లు చెప్పాడు కాశయ్య, ఊరి వరసన పిలుస్తూ, అల్లుడా, వేడెక్కితే పట్టడం లేదు అని, ఆరుసార్లూ తను మర్నాడు పొద్దున్నే వచ్చి తాళం తిప్పాడు, ఆరుసార్లూ పట్టింది, ఆరోసారి నేరుగా ఆఫీసుకు పోయి, బండిలో ఏం లేదు సార్, చోక్ లాగి లాగి పెట్రోలుతో ముంచేస్తా ఉన్నాడు, గొర్లు తోలుకునే మనిషికి బండిస్తే ఇట్లనే ఉంటాది అన్నాడు, ఇప్పుడు ఆ మాట తన నోటిదే తన చెవిలో పడుతుంటే ఉమ్మేయాలనిపించింది, ఉమ్మేశాడు కూడా, కాశయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, తలగుడ్డ చేతిలో పట్టుకొని, నేను చోకే ముట్టలేదు సార్ అని, తన వైపు తిరిగి, అల్లుడా, నువ్వు పొద్దున్నే వస్తావు, పొద్దున అది బాగనే ఉంటాది, ఒక్క పూట మధ్యాన్నం వచ్చి చూడు అన్నాడు, తను నవ్వాడు, టైపు చేసే కేథరిన్ తల దించుకుంది, గొర్లమ్మేసుకొని ఈ పనిలోకి వచ్చిన మనిషి, ఇప్పుడు మార్కాపురం పలకల గనిలో రాళ్లు మోస్తున్నాడు, మొన్న బేస్తవారిపేట బస్టాండులో వాళ్లావిడ వెంకటసుబ్బులమ్మ ఎదురుపడి, నాయనా, మీ మామ నిజంగా బండి చెడగొట్టినాడా, నాకైనా చెప్పు, అన్నం ముందర కూచొని లేచిపోతా ఉండాడు అంది, ఏమో అత్తా, బండి మాత్రం బాగుంది అన్నాడు తను, ఎంత తేలిగ్గా అన్నాడు, ఛీ.

అరగంట ఆగితే చాలు, చల్లారుతుంది, పడుతుంది, మిగతా గడ్డి కోసేయొచ్చు, వారంలో కాయిల్ తెప్పించి ఎవరికీ చెప్పకుండా మార్చేయొచ్చు, బండి ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది, ఆ ఆలోచన ఎంత చల్లగా, హాయిగా వచ్చిందో చూసి దేవదానానికి తన చర్మం మీద ఏదో పాకినట్టనిపించింది, జిగురు చేత్తోనే ఫోన్ తీశాడు, సార్, ఒకసారి గడ్డి కాడికి రాండి, ఏంది దేవదానం, ఎండ చూసినావా, సాయంత్రం వస్తాలే, సాయంత్రానికి ఇది బాగైపోతాది సార్, ఇప్పుడే చూడాల, బండి నా చేతిలో గూడా పట్టలేదు, కాశయ్య మామ చెప్పింది నిజం, తప్పు నాది, అవతల కుర్చీ జరిపిన చప్పుడు, సరే, వస్తా ఉండా.

మేనేజర్ గొడుగేసుకొని మెట్లు దిగుతున్నాడు, దేవదానం వేడి ప్లగ్గును మళ్లీ ఇంజనుకు ఆనించి పట్టుకున్నాడు, వేలు కాలుతున్నా వదల్లేదు, రోజూ ఈ వేళకు తను ఎక్కడుండేవాడు, అన్నం తిని, జనరేటర్ గదిలో చల్లటి బండల మీద, చొక్కా విప్పేసి, వెల్లకిలా, మధ్యాన్నం వచ్చి చూడనిది పనితనం లేక కాదు, కాశయ్య మీద కోపమూ లేదు, ఆ మనిషి చెప్పింది నిజమే అనుకుంటే ఆ బండల మీంచి లేచి ఎండలోకి రావాల్సి వచ్చేది, అంతే, అందుకే అబద్ధమన్నాడు.