నిప్పు ఉన్నచోట చేప లేదు

నేను ఒక చేపల చట్టిని. మట్టి చట్టిని. వెడల్పు మూతి, గుండ్రటి అడుగు. నాలో పప్పు కాస్తే నేరం కాదు గానీ నేను పుట్టింది అందుకు కాదు. చేపల పులుసుకి పుట్టాను.

నన్ను చేసింది నరసాపురం దగ్గర తాతారావు అనే కుమ్మరి. కాలవ మట్టి తెచ్చాడు, రాళ్లు ఏరాడు, తొక్కాడు, సారె మీద తిప్పాడు, ఆవంలో కాల్చాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చల్లారాక నన్ను వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఊఁ" అన్నాడు. అంతే. నాకది చాలు.

సుబ్బరత్నం అనే ఆవిడ కొనుక్కెళ్లింది. మూడు రోజులు గంజి పోసి కాచింది. లోపల నూనె రాసింది. కొత్త చట్టికి అలా చెయ్యకపోతే మట్టి వాసన పోదు. ఇంక పులుసే అనుకున్నాను. పులుసు కాదు. పాత దుప్పట్లో చుట్టి కూతురు హైమ చేతిలో పెట్టింది.

"అక్కడ దొరకదే అమ్మా. పెట్టెలో పడెయ్యకు. ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లు" అంది.

హైమ మొగుడు నూకరాజు. నార్వే అనే చలిదేశంలో ఓడలు బాగుచేసేచోట వెల్డింగు పని. అక్కడ సముద్రం కొండల మధ్య సందు చేసుకుని ఊళ్లోకి వచ్చేసింది. ఆ నీటిసందుని ఫియోర్డ్ అంటారు. పైన కొండల మీద ఎటు చూసినా మంచినీళ్ల చెరువులు. సెలవొస్తే జనం పిల్లల్నీ కుక్కల్నీ వెంటబెట్టుకుని ఆ చెరువులకి నడుస్తారు. నీళ్లున్నాయి, చేపలున్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. నాకేం తెలుసు.

ఆ ఇంట్లో నిప్పు లేదు. పొయ్యి అంటే ఒక నల్ల గాజు పలక. ఇనప గిన్నె పెడితేనే వేడెక్కుతుంది. నన్ను పెడితే కుయ్ మని ఆరిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ కుయ్. ఓవెన్ అనే పెట్టెలోకి నా మూతి పట్టలేదు. నూకరాజు చిన్న గ్యాసు పొయ్యి తెచ్చాడు. దాని మీద నా గుండ్రటి అడుగు నిలవక ఒరిగిపోయాను. ఇంత చదివిన దేశంలో ఒక మట్టి చట్టికి మూడు రాళ్లు లేవు. అటక మీద పెట్టారు.

హైమకి నాలుగో నెల వచ్చాక నన్ను దింపారు. ఆ పిల్లకి ఏం తిన్నా నిలవడంలేదు. చారన్నం తింటే కక్కేది. రొట్టె తింటే కక్కేది. చెంపలు లోపలికి పోయాయి. బరువు చూసే నర్సమ్మ చెప్పేసింది. ఇంకో వారం ఇలాగే తగ్గితే ఆసుపత్రిలో పడుకోబెట్టి సూది ద్వారా సెలైన్ ఎక్కించాలంది. ఇంటికొచ్చి హైమ మంచం మీద కూర్చుని ఒకటే మాట అంది.

"చట్టిలో కాచిన పులుసు తింటాను. అది నిలుస్తుంది. నాకు తెలుసు."

నూకరాజు కొట్లో చేప తెచ్చి స్టీలు గిన్నెలో కాచాడు. మూత తియ్యగానే ఆ పిల్ల బయటికి పరిగెత్తింది. కొట్టు చేప నీచు కొడుతోంది, అప్పుడే పట్టిన చేప కావాలంది.

దాంతో మొదలైంది మా చెరువుల తిరుగుడు. నూకరాజు ఎప్పుడూ గాలం పట్టినవాడు కాదు. ఊళ్లో వాళ్లింటికి చేప అమ్మేవాళ్ల బుట్టలో నడిచొచ్చేది. ఇక్కడ గాలం కొన్నాడు, టోపీ కొన్నాడు, చేప పట్టుకోడానికి సర్కారు కార్డు తీసుకున్నాడు.

మొదటి చెరువు రోడ్డు పక్కనే. గట్టు మీద రాళ్లు పేర్చిన పొయ్యి ఉంది, కట్టెలు కూడా పెట్టి ఉంచారు. చుట్టూ సంసారాలు. పిల్లలు పుల్లలకి మాంసం గుచ్చి కాల్చుకుంటున్నారు. నన్ను రాళ్ల మీద కుదురుగా పెట్టారు. నూకరాజు గోధుమపిండి ముద్దకి పసుపు కలిపి గాలానికి పెట్టాడు. మొదటి విసురుకి కొక్కెం సొంత టోపీకే పడింది. పిల్లలు నవ్వారు. మూడు గంటలు అలా నిలబడ్డాడు.

"ఏవండీ, ముద్దలో ఉప్పు తక్కువేమో. చేపలు మొహం చిట్లిస్తున్నాయి" అంది హైమ.

"నువ్వు నోర్మూసుకుని కూర్చో."

"మూసుకునే ఉన్నాను. తెరిస్తే కక్కొస్తోంది."

నాలో ఉత్త నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయాయి. నిప్పు ఉంది. చేప లేదు.

పక్కింటి ముసలాయన ఊలా ఇది చూసి జాలిపడ్డాడు. ముద్ద పనికిరాదు, వానపాము పెట్టమన్నాడు. రెండో చెరువులో పెట్టారు. చేప పడింది. ట్రౌట్ అంటారు దాన్ని, ఒంటినిండా చుక్కలు. నూకరాజు గంతులేశాడు. ఈలోపల హైమ చెట్టుకి కొట్టిన బోర్డు చదివింది. రెండు వారాలుగా వాన లేదు, అడవి అంటుకుంటుంది, ఇవాళ్టి నుంచి చెట్లున్న ఏ చెరువు దగ్గరా నిప్పు రాజెయ్యకూడదు. చేపా ఉంది, నేనూ ఉన్నాను. నిప్పు లేదు. చేపని ఇంటికి తీసుకెళ్లి పెనం మీద వేయించారు. రెండు ముద్దలు తింది. నాలుగో నిమిషంలో కక్కేసింది.

నర్సమ్మ చెప్పిన వారానికి ఇంక రెండు రోజులుంది.

"చెట్లు లేనిచోటికి పోవాలి. పైన రాతికొండల్లో చెరువుంది. నీళ్ల పక్కన రాళ్ల మీద నిప్పు పెట్టుకోవచ్చు. గంటన్నర ఎక్కాలి" అన్నాడు ఊలా.

"కడుపుతో ఉన్నదాన్ని ఎలా ఎక్కిస్తానండీ?" అన్నాడు నూకరాజు.

"మీరు చట్టిని ఎక్కించండి. నేను ఎక్కుతాను" అంది హైమ.

ఎక్కారు. నన్ను దుప్పట్లో చుట్టి నూకరాజు వీపుకి కట్టుకున్నాడు. వాడు జారినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చేది. ఊలా కట్టెలు మోశాడు. ఆ పిల్ల కర్ర పట్టుకుని పది అడుగులు వేసేది, కూర్చునేది. పైన చెరువు నల్లగా ఉంది. ఎండాకాలమైనా గట్టు పక్క మంచు ఇంకా కరగలేదు.

గంటకి చేప పడింది. మోచేతంత.

మూడు రాళ్లు పెట్టారు. నూనె పోశారు. మెంతులు, ఉల్లిపాయ, పండుమిరప కారం. చింతపండు పులుసు సీసాలోంచి ఒంపారు. మరిగాక ముక్కలు వేశారు. హైమ గరిటె పెట్టనివ్వలేదు. నూకరాజు చేత నన్ను గుడ్డతో రెండు చేతులా పట్టించి గుండ్రంగా తిప్పించింది. పుట్టినందుకు ఆ ఒక్కసారి నేను నేనుగా ఉన్నాను. పులుసు చిక్కబడింది, నూనె పైకి తేలింది.

ఊలా పళ్లెం పట్టుకొచ్చాడు.

"ఇప్పుడే తినకూడదు. చేపల పులుసు రేపటికి ఊరితేనే రుచి" అన్నాడు నూకరాజు.

"నాకూ వేడి వద్దు. ఆవిరి తగిలితే తిప్పుతోంది. చల్లారాలి" అంది హైమ.

"ఎంతసేపు? అదిగో మంచు. గంటలో రేపటి పులుసు చేసి చూపిస్తా."

వద్దురా అని అరిచాను. చట్టి అరిస్తే ఎవడికి వినపడుతుంది. పొయ్యి మీంచి ఎర్రగా కాలుతున్న నన్ను తీసుకెళ్లి ఆ మంచులో కూర్చోబెట్టాడు. వాళ్లమ్మ చట్టిని దింపి ఎక్కడ పెట్టేదో వాడు ఒక్కరోజైనా చూసి ఉంటే ఇసక మీద పెట్టేవాడు. కొడుకులు వంటింట్లోకి రారు కదా.

టక్ మంది. మూతి నుంచి అడుగు దాకా.

పులుసు మంచులోకి ఎర్రగా పాకింది. నూకరాజు రెండు దోసిళ్లూ అడ్డం పెట్టాడు. చేతులు కాలాయి. తియ్యలేదు. "అయిపోయింది హైమా, నేనే చేశాను" అన్నాడు. ఊలా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

హైమ అన్నం డబ్బా తెచ్చుకుని మంచులో చతికిలపడింది. నాలో ఒక పెంకు గిన్నెలా నిలబడి ఉంది. అందులో ఒక ముక్క, నాలుగు గరిటెల పులుసు. అప్పటికే చల్లబడింది. అన్నం అందులోనే వేసి కలిపింది. ఒక ముద్ద. ఇంకో ముద్ద. ముల్లు తీసి పక్కన పెట్టి ఇంకో ముద్ద. పెంకుని వేలితో తుడిచి నాకింది.

తర్వాత కదలకుండా కూర్చుంది. నూకరాజు కాలిన చేతులు మంచులో పెట్టుకుని ఆమె గొంతు వైపే చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. పది నిమిషాలు. పావుగంట. అరగంట. ఏమీ రాలేదు.

"నిలిచింది" అంది హైమ. చెయ్యి చాపింది. "ఆకలేస్తోందండీ. ఇంకొంచెం వెయ్యండి."

ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది. అడిగినప్పుడు నా దగ్గర లేదు. మంచు తాగేసింది.