రొట్టెల కొట్టుదాకా

లైసెన్సు వచ్చిన ఏడాది జ్లాట్కా కొత్త సంవత్సరం లక్ష్యాల కాగితం మీద “సముద్రందాకా” అని రాసుకుంది. వాళ్ళ ఊరు యాంబోల్ నుంచి సముద్రం కారులో గంటన్నర దారి. యాభై రెండేళ్ళ వయసులో, మూడోసారికి పరీక్ష పాసైన మనిషికి ఆ మాత్రం ఆశ ఎక్కువేమీ కాదు. రెండో ఏడాది “స్లివెన్‌లో చెల్లెలింటిదాకా” అని తగ్గించింది. మూడో ఏడాది “పెద్ద బజారుదాకా.” సాధ్యమయ్యే లక్ష్యాలే పెట్టుకోవాలని టీవీలో ఎవరో చెప్పారు మరి. నాలుగో ఏడాదికి తగ్గించడానికి ఇంక రొట్టెల కొట్టే మిగిలింది. నడిచి వెళితే పది నిమిషాలు.

లక్ష్యం ఎంత కుంచించుకుపోయినా బండి తాళం మాత్రం గుమ్మం పక్క మేకుకే వేలాడుతోంది. అడిగినప్పుడల్లా మొగుడు వెల్కో దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది. మంచు పడింది. క్లచ్చి కొత్తగా వేయించాను. సరే, పక్కన నేను కూర్చుంటా, పద. అలా కూర్చున్నది ఒక్కసారే. వీధి చివరికి చేరేలోపు నలభైసార్లు “బ్రేకు! బ్రేకు!” అని అరిచాడు. ఆమె బండి అక్కడే వదిలేసి నడిచి ఇంటికొచ్చేసింది.

అందుకే ఈసారి లక్ష్యం తనకు కాదు, మొగుడికి పెట్టింది. కొత్త సంవత్సరానికి చేసే గుండ్రటి పిండివంట బానిత్సాలో, చీజు పొరల మధ్య, రేకులో చుట్టిన చీటీలు పెట్టడం ఇంటింటా ఉన్నదే. ఎవరి ముక్కలో ఏది వస్తే ఆ ఏడు వాళ్ళ రాత అది. అందరూ ఆరోగ్యం, ప్రేమ, దూరప్రయాణం అని రాస్తారు. కిందటేడు దూరప్రయాణం వచ్చిన వెల్కో సోఫా మీంచి లేచింది లేదు.

జ్లాట్కా అయ్యే పనులే రాసింది. అత్తగారు గీనాకు: “రోజూ బీపీ మాత్ర మింగాలి, దిండు కింద దాచకూడదు.” తనకు: “స్నానాలగది గడియ బిగించాలి.” ఆ పని మొగుడు చేస్తాడని ఎదురుచూసి ఆమెకు విసుగొచ్చింది. వెల్కోకు: “బండి తాళం జ్లాట్కాకు ఇవ్వాలి. ఒంటరిగా పంపాలి. ఈ రోజే.”

ఇంట్లో పెద్దవాళ్ళు పళ్ళాన్ని మూడు చుట్లు తిప్పాక ఎవరి ముందున్న ముక్క వాళ్ళది. మూడు నిండు చుట్లు తిరిగితే ముక్క బయల్దేరిన చోటికే వస్తుంది కదా. ఎవరి చీటీ వాళ్ళ కుర్చీకి ఎదురుగా పెట్టింది. ఇందులో లెక్క తప్పే దారే లేదనుకుంది.

గీనా తొమ్మిదింటికే పడుకునే మనిషి కనుక బానిత్సా అర్ధరాత్రి కాకుండా జనవరి ఒకటి మధ్యాహ్నం బల్ల మీదికొచ్చింది. ఆమె ఒక చుట్టు తిప్పింది, రెండు చుట్లు తిప్పింది, మూడోది మొదలుపెట్టి చెయ్యి తీసేసింది.

“అబ్బ, మణికట్టు పట్టేసింది.”

“అత్తయ్యా, మూడు తిప్పాలి!”

“తిప్పానుగా.”

“లేదు, రెండూ, ఇంకాస్తే.”

“నీకంటే ముందునుంచి తిప్పుతున్నానే ఈ పళ్ళెం. నాకు లెక్కలు చెప్పక కొయ్యి.”

కోసింది. ఏం చేస్తుంది? ఒళ్ళు మండిపోతోంది. తన ముక్కలోంచి బీపీ మాత్ర చీటీ బయటపడింది. ఆ క్షణాన అది తనకే అవసరమనిపించింది. వెల్కో తన చీటీ చదివి మొహం మాడ్చుకున్నాడు.

“గడియా? ఇది రాతా, నీ సాధింపా?”

జ్లాట్కా వినడం లేదు. అత్తగారి చేతిలోని చీటీ కోసం చెయ్యి చాపింది. “అది మీది కాదత్తయ్యా, ఇటివ్వండి.”

“నా ముక్కలో వచ్చింది నాది కాకపోవడమేమిటి?” గీనా కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా పైకి చదివింది.

వెల్కో పగలబడి నవ్వాడు. “అమ్మా, అది దీని చేతిరాతే. పారేసి తిను.”

“ఎవరు రాస్తే నాకేంట్రా? ఇన్నేళ్ళూ నాకు ప్రేమట, ప్రయాణమట. ఒక్కటైనా నా చేతిలో పనా? ఇది చేయగలను.” ఎనభై రెండేళ్ళ మనిషి బల్ల పట్టుకుని లేచింది, గుమ్మందాకా నడిచింది, తాళం తెచ్చి కోడలి ముందు పెట్టింది. “వచ్చేటప్పుడు రొట్టె పట్రా.”

“అమ్మా, గేరుబాక్సు పోతుంది!”

“నువ్వు ముందు ఆ గడియ చూడు. స్నానానికెళ్తే తలుపుకి బకెట్ అడ్డం పెట్టుకుంటున్నాను, నీకు సిగ్గన్నా లేదు.”

బండి రెండుసార్లు ఆగిపోయింది. బాల్కనీలోంచి వెల్కో ఏదో అరుస్తూనే ఉన్నాడు. మూడోసారికి కదిలింది.

రొట్టెల కొట్టు షట్టరు దించి ఉంది. మూడో తేదీన తెరుస్తామని కాగితం. ఈ రోజు సెలవన్న సంగతే ఆమెకు తట్టలేదు. నాలుగేళ్ళు తగ్గిస్తూ తగ్గిస్తూ ఇంతది చేసుకుంటే, ఇదీ మూసి ఉంది. జ్లాట్కా స్టీరింగు మీద గుద్ది ఏడ్చింది. వట్టి చేతులతో తిరిగి వెళితే వెల్కో ఏడాదంతా చెప్పుకుని నవ్వుతాడు.

పెద్ద రోడ్డు మీద పెట్రోలు బంకులో రొట్టె దొరుకుతుంది. అక్కడిదాకా పోయింది. కొనుక్కొచ్చి వెల్కో కూర్చునే సీట్లో పెట్టింది. అది అరవదు. ఇంటికి వెళ్ళాలంటే ముందున్న మలుపులో ఎడమకు తిరగాలి, సముద్రానికి తిన్నగా. రొట్టె జారిపోకుండా దానికి బెల్టు కూడా బిగించింది, మలుపు దగ్గర తిరగలేదు.