ఏసుమణి చెయ్యి

పెన్న ఎండాకాలంలో ఉత్త ఇసక అని కొత్త రాజధాని కర్నూలు డేరాల్లో కూర్చున్న ఆఫీసర్లు అనుకునేవారు. ఆ ఇసక మీద బతికేవాళ్లు అట్లా అనుకోలేదు. గట్టు మీద సెంటు భూమి లేని కొత్తమడుగు కూలోళ్లకు ఉన్న పొలమల్లా అదే. గుంటలు తవ్వి, పెంటెరువు వేసి, చెలమల నీళ్లు కుండలతో మోసి కర్బూజ, దోస పండించేవారు. కాయ పక్వానికొచ్చే వైశాఖంలో పిల్లాజెల్లాతో ఏట్లోనే గుడిసెలు వేసుకుని కాపలా ఉండేవారు. భయమల్లా ఒకటే. ఇక్కడ నెత్తిన మబ్బు తునక లేకపోయినా, ఎగువన ఎక్కడో వాన పడితే ఏరు వరదై దిగుతుంది. దిగేటప్పుడు చెప్పి దిగదు.

అందుకని ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో కూలోళ్ల సంఘం వాళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టి, ఆఫీసు మెట్ల మీద పడుకుని, రెండు వైర్‌లెస్ సెట్లు సాధించారు. ఎగువన గండికోట దగ్గరి సెట్టుకు ఏసుమణిని వేశారు. కొత్తమడుగు గట్టు మీది సెట్టుకు దేవేంద్రప్పను వేశారు. ఏసుమణిది కడప పక్క, దేవేంద్రప్పది ఆలూరు. యుద్ధం రోజుల్లో ఇద్దరూ పట్టాళంలో ఈ పని నేర్చారు. ఒకే డేరాలో పడుకుని ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు.

పని చెప్పుకోవడానికి సులువే. ఏరు దిగితే ఏసుమణి కీ నొక్కి చుక్కలు, గీతలుగా కబురు పంపుతాడు. గాలిలో పోయే మాట దారిలో చెడిపోవచ్చు కాబట్టి, దేవేంద్రప్ప ఆ కబురునే మళ్లీ వెనక్కు కొట్టి వినిపించాలి. వినిపించేదాకా ఏసుమణి ఆపకూడదు. ఖాయమైనాక దేవేంద్రప్ప బయటికొచ్చి, చింతకొమ్మకు వేలాడే రైలు కమ్మీ ముక్కను వాయించాలి. ఆ మోత వింటే ఇసకలో ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు వదిలి గట్టెక్కాలి.

మనిషి మనిషికీ గొంతు వేరైనట్టే కీ కొట్టే చెయ్యీ వేరు. పట్టాళంలో లారీ తలుపు పడి ఏసుమణి నడిమి వేలు చితికింది. అప్పటి నుంచి అతను కొట్టే కబురులో చివరి గీత కొంచెం సాగుతుంది, వదల్లేక వదిలినట్టు. వంద సెట్లు ఒక్కసారి మోగినా దేవేంద్రప్ప దాన్ని ఏరగలడు.

ఆ ఏడు చైత్రం చివర ఒకనాడు ఏరు దిగుతోందని కబురొచ్చింది. చెయ్యి ఏసుమణిది కాదు. ఎవరో బదులుకొచ్చి ఉంటాడనుకుని దేవేంద్రప్ప కమ్మీ కొట్టాడు. జనం ఊళ్లోకి పరుగెత్తారు. ఏరు రాలేదు. మర్నాడు దిగి చూస్తే మళ్లలో పండిన కాయ లేదు, ఇసకలో బండి చక్రాల గాళ్లు మాత్రం ఉన్నాయి. కాయలు కొనే మండీ కేశవయ్య అడిగిన ధరకు ఇవ్వం అన్న వాళ్ల మళ్లే కొల్లబోయాయి. యుద్ధం సామాను వేలంలో అతను పాత సెట్టొకటి కొన్నాడనీ, కీ కొట్టడం తెలిసినవాణ్ణి జీతానికి పెట్టుకున్నాడనీ ఊరంతా అనుకున్నారు. రుజువు కాలేదు. మండీ ఉన్నవాడి మీద రుజువు కావడం ఎవరు చూశారు?

విచారణకొచ్చిన ఆఫీసరుతో, ఆ చెయ్యి వేరని అప్పుడే అనిపించిందని దేవేంద్రప్ప చెప్పాడు. ఆఫీసరు నవ్వాడు. చేతులూ వేళ్లూ సాక్ష్యం కాదన్నాడు. కర్నూలు పోయి కొత్త కట్టుబాటు పంపించాడు. ప్రతి సోమవారం ఒక రహస్యపు మాట సీలు కవరులో రెండు సెట్లకూ వస్తుంది. కబురు ముందు ఆ వారం మాట ఉండాలి. లేకుంటే ఒక్కసారి అడగవచ్చు. అప్పుడూ చెప్పకపోతే అది దొంగ కబురు. దొంగకు బదులు ఇవ్వకూడదు, కమ్మీ ముట్టకూడదు. ముడితే ఉద్యోగం ఉండదు.

ఆ కట్టుబాటు జనానికీ నచ్చింది. అడిగిందే వాళ్లు. తిరుపతమ్మ అయితే సెట్టు గది ముందుకే వచ్చి అడిగింది. మొగుడు పోయాక కూతురితో కలిసి మడి చేసుకునే మనిషి. సంఘంలో మొగాళ్ల గొంతు కంటే ఆమె గొంతు పెద్దది.

"ఇంగొక తూరి అబద్ధానికి కమ్మీ కొట్టినావంటే, ఆ కమ్మీని నీ మెడకు కట్టి ఏట్లో దించుతా, ఏమప్పా."

"ఏట్లో నీళ్లు యాడుండాయి తల్లీ?"

"అందుకే బతికిపోతాండావు."

అందరూ నవ్వారు. దేవేంద్రప్ప కూడా నవ్వాడు.

తర్వాత వైశాఖంలో ఒక సోమవారం. దేవేంద్రప్పకు కొత్త మాట కవరు పొద్దున బస్సుకే వచ్చింది. ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. అన్నం వేళకు సెట్టు పలికింది. ఏరు దిగుతోంది, శానా పెద్దగా దిగుతోంది, మనుషుల్ని తీయండి అని. ముందు పెట్టిన మాట పోయిన వారానిది.

దేవేంద్రప్ప ఈ వారం మాట అడిగాడు. మళ్లీ ఆ పాత మాటే వచ్చింది. చివరి గీత సాగింది, వదల్లేక వదిలినట్టు.

అది ఏసుమణి చెయ్యే. దేవేంద్రప్పకు అనుమానం కలగలేదు. అనుమానాన్ని తనే వెతికి తెచ్చుకున్నాడు. కేశవయ్య మనిషి ఇన్నాళ్లూ విని ఆ చేతిని నేర్చుకుని ఉంటే? పాత మాట దొరకబట్టి, కొత్తది దొరక్క ఇట్లా కొడుతుంటే? మళ్లీ జనం కాయ పోగొట్టుకుంటే? ఆలూరులో వాన లేక పడివున్న చేను గుర్తుకొచ్చింది. ఉద్యోగం పోతే తిరిగి పోవలసింది దాని దగ్గరికే. సెట్టు మీదే కర్నూలు ఆఫీసును అడిగాడు. ఆగమన్నారు, పెద్దాయన భోజనానికి పోయాడన్నారు.

సెట్టు ఆగలేదు. అదే కబురు, అదే పాత మాట, మళ్లీ మొదటి నుంచి. వెనక్కు వినిపించేదాకా ఆపకూడదన్న కట్టుబాటును ఏసుమణి పాటిస్తున్నాడు. బదులు ఇవ్వకూడదన్న కట్టుబాటును దేవేంద్రప్ప పాటిస్తున్నాడు. అతను చెవుల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. అక్కడి నుంచి కూడా సన్నగా వినబడుతూనే ఉంది.

అప్పుడే తిరుపతమ్మ గట్టెక్కి వచ్చింది. కమ్మీ మాట మీద తిట్టిన నాటి నుంచి అప్పుడప్పుడూ ఒక కాయ తెచ్చి ఇచ్చేది.

"ఆ మిషను ఊరికే కొట్టుకుంటాండాదే. ఏమన్నా కబురాప్పా?"

దేవేంద్రప్ప చింతకొమ్మ వైపు చూశాడు. కమ్మీ వాయించే ఇనప గూటం గుమ్మం పక్కనే ఉంది.

"ఏం లేదులేమ్మా. ఎవుడో దొంగోడు ఆడుకుంటాండాడు."

"నువ్వు నమ్మల్యా గదా?"

"నమ్మల్యా."

"ఇప్పుడు దారికొచ్చినావు" అని నవ్వి, కర్బూజ గడప మీద పెట్టి దిగిపోయింది. దొంగోడు మళ్లీ మొదలుపెట్టినాడంట అని దారిలో కనబడిన ప్రతి గుడిసెకూ చెప్పుకుంటూ పోయింది.

కొంతసేపటికి సెట్టు కబురు మధ్యలో ఆగిపోయింది. ఇంకాసేపటికి ఎగువన బండలు దొర్లుతున్నట్టు మోత వినబడింది. దేవేంద్రప్ప గూటం తీసుకుని పరుగెత్తి కమ్మీ కొట్టాడు. చెయ్యి బొబ్బలెక్కేదాకా కొట్టాడు. ఇసకలో జనం తలెత్తి చూశారు. చూసి, మళ్లీ వంగి పనిలో పడ్డారు. దొంగోడి కబురని అప్పటికే అందరికీ తెలుసు మరి. ఎర్రనీళ్లు కంటికి కనబడినాక పరుగెత్తారు. గట్టు పక్క మళ్లవాళ్లు ఎక్కారు. తిరుపతమ్మ తన కూతుర్ని గట్టు మీదికి నెట్టి, నడిమి మళ్లలో ఉన్నవాళ్లను పిలవడానికి వెనక్కు పోయింది. నడిమి మళ్లవాళ్లు రాలేదు. ఆమె రాలేదు.

పొద్దు వాలుతుండగా కర్నూలు బదులు వచ్చింది. మాట లేని కబురు మీద చర్య తీసుకోవద్దు అని.

మర్నాడు ఏసుమణి వచ్చాడు, తొడల దాకా బురదతో. గండికోట పక్క వాన రెండు నాళ్లుగా పడుతూనే ఉందట. వంక పొంగి తపాలా మనిషి అవతలి ఒడ్డునే నిలిచిపోయాడట. ఏటిని దించిన వానే కవరునూ ఆపింది. అతని దగ్గరున్నది పాత మాట ఒక్కటే, దాన్నే కొట్టాడు.

ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. గడప మీద కర్బూజ అట్లే ఉంది, ఎవరూ కొయ్యలేదు.

"బ్యాటరీ సచ్చేదాకా కొట్టినా గదరా. నీకు ఇనపడల్యా?"

లేదంటే సరిపోయేది. గాలిలో మాట చెడిపోయిందంటే ఏ ఆఫీసరూ కాదనడు, ఏసుమణి కూడా కాదనేవాడు కాదు.

"ఇనపడింది."

"నా చెయ్యని తెలీల్యా?"

"తెలిసింది."

మంచినీళ్లిస్తే ఏసుమణి తాగలేదు. ఏటి గట్టు పట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

నిబంధన ప్రకారం నడుచుకున్నాడని దేవేంద్రప్పను మెచ్చుకుంటూ కర్నూలు నుంచి కాగితం వచ్చింది. అనుమానమొస్తే కమ్మీ కొట్టాల్సిందే, కాయ పోతే పోయింది అని సంఘం వాళ్లు మళ్లీ పోయి మెట్ల మీద పడుకున్నారు. ఆఫీసర్లు ఆలోచిస్తామన్నారు. కేశవయ్య మండీ మాత్రం ఒక్క పూటా మూతపడలేదు.

వంక తీసినాక, ఎప్పటిలాగే పొద్దున సెట్టు పరీక్షకు పైనుంచి పలికింది. ఆ వారం మాట ముందే ఉంది, ఒక్క చుక్క తేడా లేదు. అన్ని గీతలూ ఒకే పొడుగు. చివరిది సాగలేదు. ఎడమ చేత్తో కొడుతున్నాడో, చితికిన వేలిని మడిచి కట్టుకున్నాడో. దేవేంద్రప్ప ప్రతి మాటా వెనక్కు కొట్టి వినిపించాడు. ఆ తర్వాత, నిబంధనలో లేకపోయినా, ఏసుమణీ నువ్వేనా అని అడిగాడు.

పైనుంచి ఆ వారం మాట మళ్లీ వచ్చింది. అంతే వచ్చింది.