సరస్సు మెట్టున చెప్పుల జత

నేను ఒక ఎడమకాలి చెప్పును. ఏ గడప దాటినా కుడికాలు ముందు పెట్టమంటారు కాబట్టి పుట్టినప్పటినుంచీ నాది రెండో వరసే. సామర్లకోటలో ఓ ముసలాయన నన్నూ నా జతనూ కుట్టాడు. భ్రమరాంబగారు కొన్న కొత్తలో ఆవిడ వేలు కరిచాను. తర్వాత ఇద్దరం సర్దుకున్నాం.

ఆవిడా, భర్త కామేశంగారూ ఇంగ్లండు వెళ్లి, టూరు బస్సులో ఊళ్లు చూడబోయారు. ఓ ప్రభువుగారి పాత భవనం, దాని చుట్టూ కనుచూపు మేర తోట. గుట్టలు చదును చేసి, వాగుకి కట్ట వేసి సరస్సు చేసి, ఇదంతా దానంతటదే వెలిసినట్టు కనబడాలని తెగ తంటాలు పడ్డారట. మనుషుల సరదాలు నాకు అంతుపట్టవు.

"నీతో నడిస్తే తెల్లారినట్టే! ఇక్కడే కూర్చో" అని కసిరి కామేశంగారు భవనం చూడటానికి వెళ్లిపోయారు.

సరస్సు ఒడ్డున రాతి స్తంభాల మంటపం, లోపల ఓ స్త్రీ విగ్రహం. అలంకారానికి కట్టించుకున్నది. మెట్లూ స్తంభాలూ విగ్రహమూ ఉంటే మా భ్రమరాంబగారికి అది గుడే. నీళ్ల పక్క మెట్టు మీద మమ్మల్ని విడిచి లోపలికి వెళ్లారు. ఎంతకీ తిరిగి రాలేదు. వెనకవైపు కూడా మెట్లున్నాయి. ఎటు దిగారో నాకు కనబడలేదు.

కామేశంగారు వచ్చేసరికి మేమే ఉన్నాం, నీళ్లవైపు మొహం పెట్టి.

"భ్రమరా!" అని కేకేశారు. కేక విని వచ్చిన తోటమాలి మమ్మల్ని చూశాడు, నీళ్లను చూశాడు, పరుగెత్తాడు. పొడవాటి కర్రలు వచ్చాయి, పడవ దిగింది.

"దానికి నీళ్లంటే భయమండీ... నేనే కసిరాను" అని కామేశంగారు టూరు గైడు చెయ్యి పట్టుకున్నారు. పెళ్లాం చెప్పుల్ని కాలితోనైనా జరపని మనిషి, మమ్మల్ని గుండెకి హత్తుకుని కూలబడ్డారు. ఆ గుండె దడకి నాకూ వణుకు పుట్టింది.

అప్పుడు గులాబీ మళ్లవైపునుంచి వచ్చారు భ్రమరాంబగారు, వట్టికాళ్లతో, ఒడినిండా పూరేకులతో.

"రాలినవేనండీ, కొయ్యలేదు! అమ్మవారికి ఒక్క పువ్వైనా లేదని..." అని తోటమాలిని చూసి బెదురుగా ఆగిపోయారు.

కామేశంగారు లేచి దగ్గరికి వచ్చారు. వంగి మమ్మల్ని ఆవిడ కాళ్లకు తొడిగారు.

"అయ్యయ్యో, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ."

"ఆ పడవేంటండీ?"

"షికారుకట."

"మీరెక్కలేదు కదా, నయం."

ఇప్పుడు నా పట్టీ తెగింది, మడమ అరిగింది. ఆవిడ పారేద్దామన్నప్పుడల్లా ఆయన అడ్డం పడతారు. పాత చెప్పుల మీద ఈ మమకారమేమిటని ఆవిడ నవ్వుతారు. పడవ సంగతి ఆయన ఇంతవరకూ చెప్పలేదు.